బేస్‌మెంట్ గోడలో ప్లాస్టిక్ షీటు వెనక నీటి చుక్కలు

మాది అమెరికాలో చలి ఎక్కువగా ఉండే మిన్నియాపొలిస్. బేస్‌మెంట్ కాంక్రీటు గోడకు చెక్క ఫ్రేము, అందులో వేడిని ఆపే ఆర్-13 (ఆ సామర్థ్యపు కొలత) ఫైబర్‌గ్లాస్ దూది, దానిపై 6 మిల్ (అంగుళంలో వెయ్యో వంతు ఒక మిల్) మందపు పాలిథీన్ షీటు, ఆపైన జిప్సం బోర్డు ఉన్నాయి. చలికాలంలో పొడిగానే ఉంటుంది. జూన్ చివరి నుంచి మాత్రం షీటుకు ఫైబర్‌గ్లాస్ వైపున నీటి చుక్కలు పేరుకుంటున్నాయి, అడుగు చెక్క తడిసి ముక్కిన వాసన వస్తోంది.

డీహ్యూమిడిఫయర్‌తో గది తేమను 45 శాతానికి తగ్గించాను. వాన గొట్టాల నీటిని గోడకు ఆరడుగుల దూరానికి మళ్లించాను. షీటు అతుకులకు టేపు వేశాక తడి ఇంకా పెరిగింది. కాంక్రీటులోంచి వచ్చే తేమను షీటే గోడలో బంధిస్తోందని నా అనుమానం. పిల్లలు పడుకునే గది, బూజు పడుతుందేమోనని భయంగా ఉంది.

షీటు, ఫైబర్‌గ్లాస్ తీసేసి కాంక్రీటుకే 2 అంగుళాల ఎక్స్‌పీఎస్ (గట్టి పాలిస్టైరీన్) ఫోం అతికిస్తే, ఇంత చలి ప్రాంతంలో వేరే ఆవిరి అడ్డు (నీటి ఆవిరిని ఆపే పొర) లేకుండా సరిపోతుందా?