చావదె అనాలా, చావదే అనాలా?

గోదారిగట్టు: మా అపార్ట్‌మెంట్ నోటీసు బోర్డుకి డెంగీ మీద ఒక పేజీ రాస్తున్నాను. వోల్‌బాకియా అనే బాక్టీరియా ఒంట్లో ఉంటే ఏడిస్ దోమలో డెంగీ వైరస్ సరిగా పెరగదు కదా, ఆ సంగతి. పైన "చలిచీమల చేత చిక్కి చావదె సుమతీ" అని పెడదామనుకున్నా. టైప్ చేసిన కుర్రాడు "చావదే" అని కొట్టాడు. మా సెక్రటరీ గారు చూసి, "పాము చావదనేగా అర్థం? మరి ఇదెందుకు మనకి?" అన్నారు. రాత్రంతా ఆ ఒక్క అక్షరమే బుర్రలో తిరిగింది. ఎత్వమా, ఏత్వమా? అలాగే, "సహజీవన బాక్టీరియా" అని రాస్తే జనం నవ్వుతారంటారా?

కందంగారు: ఎత్వమే. గణాలు వేసుకోండి: చలిచీ, మలచే, తజిక్కి, చావదె, సుమతీ. స, స, జ, భ, స. "చావదే" అన్నారో, ర గణం అవుతుంది. కందంలో దానికి చోటు లేదు. ఇక అర్థమంటారా, "చావదా ఏం?" అని నిలదీయడం.

తమ్మిపూలు: గణాలు సరే మాస్టారూ, పోలిక కుదిరిందా? ఇంతకీ పాము ఎవరు? వైరస్ అనుకుంటే అది బాక్టీరియా కన్నా చాలా చిన్నది, అంటే పాము కన్నా చీమే పెద్దదన్నమాట! పోనీ దోమ అనుకుంటే అది చావదు. బాక్టీరియాతో హాయిగా బతికి, గుడ్ల ద్వారా పిల్లలకూ ఇచ్చి పోతుంది. ఇండోనేసియాలో యోగ్యకర్త నగరాన్ని 24 ముక్కలుగా చూసి, 12 చోట్ల అలాంటి దోమల్ని వదిలారు. 2021లో ఫలితాలు వచ్చాయి. మిగతా చోట్లతో పోలిస్తే డెంగీ 77 శాతం తక్కువ. అలాగని దోమలు పోలేదు, కుట్టడమూ మానలేదు. సెక్రటరీ గారు తప్పు చదివినా నిజమే చెప్పారు.

కందంగారు: మరి సింగపూర్ మాటేమిటి? 2016 నుంచి అక్కడ వదిలేది మగదోమల్నే. బాక్టీరియా ఉన్న మగది, లేని ఆడదానితో కలిస్తే ఆ గుడ్లు పిల్లలు కావు. దోమల సంతతే తగ్గిపోతుంది. యోగ్యకర్తకి "చిక్కి" వరకే, సింగపూర్‌కి "చావదె" కూడా.

నల్లమట్టి: అసలు "చలి" ఏంటో ఎవరూ అడగరేం? ప్రాస కోసం దూర్చారని నా అనుమానం. బలవంతుడ, పలువురితో, బలవంతమైన... రెండో అక్షరం ల రావాలి కాబట్టి చలి వచ్చింది.

తమ్మిపూలు: ప్రాస కోసం పుట్టిన చీమ కాదండీ. మా అమ్మమ్మ బెల్లం డబ్బాని నీళ్ల పళ్లెంలో పెట్టి, "చలిచీమలేలే, కుట్టవు" అనేది.

నల్లమట్టి: కుట్టని చీమలు పాముని చంపాయా! బద్దెన గారు ఎక్కడ చూశారో!

కందంగారు: సుమతి బద్దెనదేనని ఎవరు తేల్చారు? నీతిశాస్త్రముక్తావళి ఆయనది. ఇది ఆయనదని చెప్పుకుంటాం, అంతే. ఎవరు రాస్తేనేం, "కప్పలు పదివేలు చేరు" దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. చెరువు నిండగానే బెకబెకలు వినబడవూ!

నల్లమట్టి: కప్పలున్నాయి, దోమలు లేవు. చెరువు చుట్టూ తిరిగిన కవికి కనబడలేదా?

తమ్మిపూలు: డెంగీ దోమకి చెరువెందుకు? కూలర్లో, పూలకుండీ కింద పళ్లెంలో పెడుతుంది గుడ్లు. ఇప్పుడే తట్టింది, మా అమ్మమ్మ చీమలకి అడ్డం పెట్టిన నీళ్ల పళ్లెం కూడా దానికి సరిపోతుంది.

గోదారిగట్టు: "సహజీవన" సంగతి ఎవరూ చెప్పలేదు. రేపు పొద్దున్నే ప్రింట్‌కి ఇవ్వాలి.

కందంగారు: అది తర్వాత చూద్దాం. ముందు "చేత చిక్కి" తీసేసి "చేతఁ జిక్కి" అని దిద్దండి. అరసున్న మరిచిపోకండి.