ఫర్, సిన్స్ లేకపోతే ‘హ్యాడ్ బీన్ రెయినింగ్’ తప్పేనా?

కృష్ణాతీరం:
మా అమ్మాయి తొమ్మిదో తరగతి. స్లిప్ టెస్టులో ‘ద రోడ్స్ వర్ వెట్. ఇట్ హ్యాడ్ బీన్ రెయినింగ్’ అని రాసింది. టీచర్ ‘హ్యాడ్ బీన్’ కొట్టేసి పైన ‘వాజ్’ అని రాసి మార్కు తీసేశారు. పాస్ట్ పర్ఫెక్ట్ కంటిన్యువస్ వాడితే ఆ వాక్యంలో ఫర్ గానీ సిన్స్ గానీ ఉండి తీరాలట. మేం చదువుకున్నప్పుడు గైడ్లలోనూ ఇదే ఉండేది. కానీ ఇంగ్లిష్ వార్తల్లో ఆ రెండూ లేకుండానే ‘హ్యాడ్ బీన్’ బోలెడుసార్లు కనిపిస్తుంది. ఒక్క మార్కు కోసం స్కూలుకెళ్లి గొడవపడే ఉద్దేశం లేదు. అసలు అలాంటి రూలు ఉందా లేదా?

చాక్‌పీస్:
జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లిష్ చెబుతాను. బడి వరకు ఉందనే అంటాను. గతంలో ఒక సమయానికి ముందే మొదలై, అప్పటిదాకా సాగుతూ వచ్చిన పనికి ఈ టెన్స్. ‘నేను వెళ్లేసరికి ఆమె గంట నుంచి ఎదురుచూస్తోంది’ అని ఇస్తే మా పిల్లలు ‘ఈజ్ వెయిటింగ్’ రాస్తారు. కాస్త తెలిసినవాళ్లు ‘వాజ్ వెయిటింగ్’ దగ్గర ఆగిపోతారు. ‘గంట నుంచి’ మీద వేలు పెట్టి చూపిస్తే తప్ప ‘హ్యాడ్ బీన్ వెయిటింగ్ ఫర్ ఎన్ అవర్’ రాదు. క్లాసులో అందరికీ ఒకేసారి అందే ఆనవాలు అదొక్కటే. పరీక్షలో ఖాళీలు కూడా అలాగే ఇస్తారు. టీచర్ని అప్పుడే తప్పుపట్టకండి.

సబ్‌డెస్క్:
మాస్టారూ, ఆనవాలు వేరు, రూలు వేరు. పేపర్లో పనిచేస్తాను, ఏజెన్సీ వార్తలు తెలుగు చేయడం నా పని. యాక్సిడెంట్ వార్తల్లో తరచూ వచ్చే వాక్యం: ‘ద డ్రైవర్ హ్యాడ్ బీన్ డ్రింకింగ్’. ఫర్ లేదు, సిన్స్ లేదు. బండెక్కే ముందు తాగాడని అర్థం. మీ రూలు ప్రకారం దాన్ని ‘వాజ్ డ్రింకింగ్’ చేస్తే స్టీరింగ్ పట్టుకుని సీసా ఎత్తాడని చదువుకోవచ్చు. కొత్తగా చేరినవాళ్లు ‘మద్యం తాగుతూ బండి నడిపాడు’ అని రాసి ఇస్తే దిద్దాల్సి వస్తుంది. కేసు పాలయ్యే తేడా అది.

కృష్ణాతీరం గారి అమ్మాయి వాక్యంలోనూ అదే తేడా. ‘ఇట్ వాజ్ రెయినింగ్’ అంటే రోడ్లు చూసిన ఆ క్షణాన వాన పడుతూనే ఉంది. ‘హ్యాడ్ బీన్ రెయినింగ్’ అంటే అప్పటిదాకా పడింది, బహుశా అప్పుడే వెలిసింది, మిగిలింది తడి. ఆ టీచర్ తప్పు దిద్దలేదు, ఆ పిల్ల చెప్పదలచుకున్నదాన్నే మార్చేశారు.

డాలస్‌బాబాయ్:
ఇంత గొడవ ఎందుకు బ్రదర్? నేనుండేది టెక్సాస్‌లో. ఆఫీసులో అమెరికన్లు ఈ హ్యాడ్ బీన్ వాడగా నేను వినలేదు. సింపుల్ పాస్ట్, వాజ్, అంతే. మన సిలబస్‌లో పన్నెండు టెన్సులు బట్టీ పట్టించడమే దండగ.

చింతచిగురు:
బాబాయ్, వాడతారు, మీకు వినపడదు అంతే. ‘హి హ్యాడ్ బీన్ వెయిటింగ్’ అని ఎవరూ విడివిడిగా పలకరు. ‘హీడ్ బీన్ వెయిటింగ్’ అంటారు. ఆ ‘డ్’ నోట్లోనే ఉండిపోతుంది. ‘డ్’ తర్వాత ‘బీన్’ వస్తే అది హ్యాడ్, ఉత్త ‘బి’ వస్తే వుడ్. రేపు ఆఫీసులో చెవి అటు వేసి చూడండి.

వాడకం తక్కువన్నది మాత్రం ఒప్పుకుంటా. మిగతా టెన్సులతో పోలిస్తే చాలా అరుదే. బిఫోర్, ఆఫ్టర్ లాంటివి ఉండి ముందూ వెనకా తెలిసిపోతే ఇంగ్లిష్‌వాళ్లు కూడా సింపుల్ పాస్ట్‌తో సరిపెట్టేస్తారు. తేడా దెబ్బకొట్టే చోటే దాన్ని బయటికి తీస్తారు.

చాక్‌పీస్:
సబ్‌డెస్క్ గారి డ్రైవర్ ఉదాహరణ బాగుంది, కాదనను. కానీ ఆనవాలు తీసేస్తే ఏమవుతుందో నేను రోజూ చూస్తున్నా. ఎక్కడ పడితే అక్కడ హ్యాడ్ చల్లేస్తారు. ‘ఐ హ్యాడ్ సెంట్ ద మెయిల్ ఎస్టర్‌డే.’ ఉద్యోగానికి పెట్టే రెజ్యూమేల్లో ‘ఐ హ్యాడ్ బీన్ వర్కింగ్ దేర్ ఫ్రమ్ 2015 టు 2018.’ ‘సెంట్’, ‘వర్క్‌డ్’ అంటే అయిపోయేదానికి ఇంత హంగామా. మన దేశంలో ఇంగ్లిష్‌కి పట్టిన జబ్బు హ్యాడ్ తక్కువై కాదు, ఎక్కువై. ఫర్, సిన్స్ అనే కంచె ఉంటే కొంతైనా ఆగుతారు.

సబ్‌డెస్క్:
ఆ కంచెకి రెండు వైపులా కంతలే మాస్టారూ. ‘హి స్లెప్ట్ ఫర్ టెన్ అవర్స్.’ ఫర్ ఉంది, టెన్స్ సింపుల్ పాస్ట్. ‘వెన్ హి డైడ్, ఐ హ్యాడ్ నోన్ హిమ్ ఫర్ టెన్ ఇయర్స్.’ ఇక్కడా ఫర్ ఉంది, హ్యాడ్ కూడా ఉంది, అయినా ‘హ్యాడ్ బీన్ నోయింగ్’ అనకూడదు. నో, బిలీవ్, ఓన్ లాంటివి స్థితిని చెప్పే క్రియలు, మామూలుగా వాటికి ఇంగ్ తగలదు. ఫర్ ఉన్నంత మాత్రాన ఈ టెన్స్ కాదు, లేనంత మాత్రాన తప్పూ కాదు. ఇక అది దేనికి ఆనవాలు?

చూడాల్సింది ‘ఎప్పటికి?’ అన్న ప్రశ్నకి జవాబు ఉందా లేదా అని. మీ రెజ్యూమే వాక్యంలో జవాబు లేదు. 2018కి తర్వాత ఏ గత సంఘటనా లేదు, కాబట్టి హ్యాడ్‌కి పని లేదు. అదే ‘కంపెనీ మూతపడినప్పటికి మూడేళ్లుగా పనిచేస్తున్నాను’ అనండి, హ్యాడ్ బీన్ చక్కగా కూర్చుంటుంది. అమ్మాయి రాసినదాంట్లో ‘వర్ వెట్’ దగ్గరే జవాబుంది. ఆ గత క్షణం అదే వాక్యంలో ఉండక్కర్లేదు, ముందు వాక్యంలో ఉన్నా చాలు.

చింతచిగురు:
ఇంకోటి. మా కోచింగ్‌లో ఎక్కువమంది తడబడేది హ్యాడ్ బీన్ చూడగానే. ‘ద రోడ్ హ్యాడ్ బీన్ రిపేర్డ్’ అంటే రోడ్డు బాగు చేయబడింది, పాసివ్. ‘దే హ్యాడ్ బీన్ రిపేరింగ్ ద రోడ్’ అంటే బాగు చేస్తూ వచ్చారు. ‘ద రోడ్ హ్యాడ్ బీన్ రిపేరింగ్’ అని రాస్తే రోడ్డే పారా పట్టుకుందన్నమాట! ‘హ్యాడ్ బీన్ బీయింగ్ రిపేర్డ్’ అనేది సూత్రం ప్రకారం కుదురుతుంది కానీ ఎవరూ రాయరు. ‘హ్యాడ్ బీన్ అండర్ రిపేర్’ అని తప్పించుకుంటారు.

లెక్క చెప్పేటప్పుడు కూడా ఇంగ్ పనికిరాదు. మూడు ఉత్తరాలు పూర్తయితే ‘హ్యాడ్ రిటెన్ త్రీ లెటర్స్’. పొద్దున్నుంచీ ఆ పనిలోనే ఉంటే ‘హ్యాడ్ బీన్ రైటింగ్ లెటర్స్’.

కృష్ణాతీరం:
పాత ప్రశ్నపత్రాలు తిరగేస్తుంటే ఒకటి కనపడింది. మాస్టారు గారే చెప్పాలి. డైరెక్ట్ స్పీచ్‌లో ‘హి సెడ్, ఐ వాజ్ రీడింగ్’ అని ఇచ్చి ఇన్‌డైరెక్ట్‌లోకి మార్చమంటారు కదా. జవాబు ‘హి సెడ్ దట్ హి హ్యాడ్ బీన్ రీడింగ్’. ఫర్ లేదు, సిన్స్ లేదు, ఫుల్ మార్కులు. అదే టెన్స్ పక్క ప్రశ్నలోకి రాగానే తప్పెలా అవుతుందండీ?

చాక్‌పీస్:
అది రిపోర్టెడ్ స్పీచ్ పాఠం. ‘సెడ్’ అన్న గతానికి కూడా ముందు చదివాడు కాబట్టి వాజ్ ఒక మెట్టు వెనక్కి వెళ్లింది. మాటల్లో చాలామంది ‘హి సెడ్ హి వాజ్ రీడింగ్’ అనేసి ఊరుకుంటారు, పరీక్షలో మాత్రం మార్చాలి.

సబ్‌డెస్క్ గారు అన్నట్టు ‘ఎప్పటికి?’ అని అడిగించడం మంచిదే. పై తరగతులకి అలాగే చెబుతాను. ఆరో తరగతికి మాత్రం ముందు ఫర్, సిన్సే. పిల్లలు మొదట ఒక కొమ్మ పట్టుకోవాలి. మీ అమ్మాయి పేపర్ నా దగ్గరికొస్తే మార్కు తీయను.

డాలస్‌బాబాయ్:
ఇంతకీ ‘ఇఫ్ ఐ హ్యాడ్ బీన్ లిజనింగ్, ఐ వుడ్ హ్యావ్ హర్డ్’ సంగతేంటి? ఇక్కడ గతానికి ముందు గతం ఏదీ లేదే.

సబ్‌డెస్క్:
ఇఫ్ వచ్చాక లెక్క మారుతుంది బాబాయ్. అక్కడ హ్యాడ్ చెప్పేది జరగని సంగతి. విననే లేదు అని. ‘ఐ విష్ ఐ హ్యాడ్ బీన్ లిజనింగ్’ కూడా అంతే. అది వేరే చర్చ పెట్టండి, వస్తాను. ఫర్, సిన్స్ దానికీ అక్కర్లేదు, అది మాత్రం గమనించండి మాస్టారూ.

చాక్‌పీస్:
గమనించాను లెండి.

చింతచిగురు:
మాస్టారూ, ఒక్క డౌట్. ‘హిజ్ ఐస్ వర్ రెడ్. హి హ్యాడ్ బీన్ డ్రైవింగ్ ఆల్ నైట్.’ మీ ఆరో తరగతిలో దీనికి మార్కు ఉందా?

చాక్‌పీస్:
ఉంది. ‘ఆల్ నైట్’ కూడా కాలవ్యవధే కదా.

చింతచిగురు:
గైడులో లేదండీ.