సూ లాకులు చూడడానికి ఒకటిన్నర రోజు: ఏవి వదులుకోకూడదు?

ప్రశ్న:
వచ్చే జూన్‌లో మా అమ్మానాన్నలను డెట్రాయిట్ నుంచి కారులో కెనడా సరిహద్దు నది ఒడ్డున ఉన్న సూ సెయింట్ మరీ పట్టణానికి తీసుకువెళ్లాలనుకుంటున్నాను. నాన్నగారు గోదావరి కాలువల మీద పనిచేసిన నీటిపారుదల శాఖ విశ్రాంత ఇంజనీరు కాబట్టి, సుపీరియర్ సరస్సు నుంచి హ్యూరాన్ వైపు ఓడలను దించే లాకులను ఆయనకు తీరికగా చూపించాలని నా కోరిక. అక్కడ తప్పక చూడవలసినవి ఏమిటో, నది దాటి కెనడా వైపు కూడా వెళ్లవచ్చో లేదో దయచేసి చెప్పగలరు.

సమాధానం 1:
మీ నాన్నగారి కోసమైతే కనీసం ఒక పూట లాకుల పార్కుకే కేటాయించండి. సెయింట్ మేరీస్ నది అక్కడ బండరాళ్ల మీదుగా సుమారు 21 అడుగులు దిగుతుంది. 1855లో అమెరికా వైపు లాకు తెరిచేదాకా సరుకును ఒడ్డుకు దించి, నేల మీద మోసుకుపోయి, అవతల మరో ఓడకు ఎక్కించవలసి వచ్చేది. ఇప్పుడు వెయ్యి అడుగుల ఓడలు సైతం 1,200 అడుగుల పొడవు, 110 అడుగుల వెడల్పు ఉన్న పో లాకు గుండా సాగిపోతాయి. ఇంత పెద్ద పనికి నీటిని తోడే పంపు ఒక్కటీ లేదు: ఎగువ తూములు తెరిస్తే సుపీరియర్ నీరు తనంత తానే నిండి ఓడను పైకి లేపుతుంది, దిగువ తూములు తెరిస్తే నీరు పోయి ఓడ దిగుతుంది. పల్లం వైపు పారే నీటి గుణమే ఇక్కడ యంత్రమని మీ నాన్నగారికి ఎవరూ చెప్పనక్కరలేదు. అయితే ఓడ లేని వేళ వెళితే ఖాళీ కాలువే కనిపిస్తుంది కనుక, ఉదయాన్నే సందర్శకుల కేంద్రంలో ఆ రోజు రాబోయే ఓడల వేళలు తెలుసుకుని, మిగతావన్నీ దానిని బట్టి అమర్చుకోండి.

సమాధానం 2:
వ్యాలీ క్యాంప్‌ను వదులుకోవద్దు. అది 1917లో కట్టిన సరుకు ఓడ, ఇప్పుడు ప్రదర్శనశాల. 1975 నవంబర్ 10న సుపీరియర్‌లో 29 మందితో మునిగిపోయిన ఎడ్మండ్ ఫిట్జ్‌జెరాల్డ్ ఓడ తాలూకు రెండు లైఫ్‌బోట్లు అందులో ఉన్నాయి. నలిగి చీలిపోయిన ఆ ఇనుప రేకుల ముందు నిలబడితే ఆ సరస్సు తుఫాను బలమెంతటిదో తెలుస్తుంది. నేను అక్కడి నుంచి చాలాసేపు కదలలేకపోయాను. ఓడలో మెట్లు నిటారుగా ఉంటాయి కనుక పెద్దవారిని నెమ్మదిగా నడిపించండి. 210 అడుగుల టవర్ ఆఫ్ హిస్టరీకి లిఫ్టు ఉంది, పై నుంచి రెండు దేశాల ఒడ్డులూ కనిపిస్తాయి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. అమ్మానాన్నలు సందర్శక వీసా మీద వస్తున్నారు. కెనడా సంగతి ఎవరైనా చెప్పగలరా?

సమాధానం 3:
భారత పాస్‌పోర్టు మీద సందర్శకులుగా అమెరికాకు వచ్చినవారికి కెనడా వీసా విడిగా ఉండాలి. దానికి ముందుగానే దరఖాస్తు చేయండి. వీసా దొరికితే, 1962లో తెరిచిన అంతర్జాతీయ వంతెన దాటి 1895 నాటి కెనడా లాకును తప్పక చూపించండి. 1870లో సైనిక బృందాన్ని తీసుకువెళ్తున్న కెనడా ఓడ చికోరాను అమెరికా తన కాలువలోకి రానివ్వకపోవడంతో, తమకంటూ ఒక లాకు ఉండాలన్న పట్టుదల కెనడాలో బలపడింది. 1909లో ఒక ఓడ దిగువ తలుపులను ఢీకొట్టి నీరు ఉరవడిగా దూసుకుపోయినప్పుడు, ఆ ప్రవాహానికి అడ్డం వేసిన అత్యవసర ఆనకట్ట ఇప్పటికీ అక్కడే ఉంది. లాకుల మీద పనిచేసినవారు దాని ముందు గంటసేపైనా ఆగిపోతారు.

వీసా దొరకకపోతే అమెరికా వైపు నుంచి బయలుదేరే పడవ విహారం తీసుకోండి. పడవతో పాటు మీరూ లాకులో లేచి దిగవచ్చు. జూన్ చివరి శుక్రవారం సాధారణంగా ఇంజనీర్స్ డే జరుపుతారు. మామూలు రోజుల్లో కంచె అవతల నుంచి చూడవలసిన లాకు గోడల మీద ఆ ఒక్కరోజు సందర్శకులను నడవనిస్తారు కనుక, మీ ప్రయాణాన్ని ఆ తేదీకి జరపగలరేమో చూడండి.