బ్యారీ శాండర్స్ చెప్పాపెట్టకుండా ఆట మానేయడం తప్పా, ఒప్పా?

నోవీ వాసి:
లయన్స్ మ్యాచ్ చర్చలో ఈ గొడవ మొదలై అసలు మ్యాచ్ సంగతి పక్కకు పోయింది, అందుకే విడిగా పెడుతున్నా. అమెరికన్ ఫుట్‌బాల్ పెద్దగా చూడనివాళ్ళకు నాలుగు ముక్కల్లో చెప్తా. బ్యారీ శాండర్స్ 1989 నుంచి 1998 దాకా డెట్రాయిట్ లయన్స్‌లో రన్నింగ్ బ్యాక్, అంటే బంతి చంకన పెట్టుకుని ఎదుటి జట్టులోంచి దూసుకుపోయేవాడు. పది సీజన్లలో అలా పరిగెత్తింది 15,269 యార్డులు. ఈ లెక్కలో అప్పటి ఆల్‌టైమ్ రికార్డు వాల్టర్ పేటన్‌ది, 16,726. తేడా 1,457 మాత్రమే. అలాంటి సమయంలో, 1999 జూలై చివర్లో, ట్రైనింగ్ క్యాంప్ మొదలవబోతుంటే సొంతూరు విచిటాలోని పత్రికకు ఫ్యాక్స్ పంపి రిటైరయ్యానన్నాడు. వయసు 31. కాళ్ళు చేతులు బాగానే ఉన్నాయి. ప్రెస్ మీట్ కూడా పెట్టకుండా లండన్ విమానం ఎక్కేశాడు.

మానేయడం ఆయన ఇష్టం, కాదనను. మానేసిన తీరు మాత్రం పద్ధతి కాదు. జట్లు కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్ ఏప్రిల్‌లో అయిపోతుంది. జూలైకల్లా పనికొచ్చే ఆటగాళ్ళంతా ఎక్కడో ఒకచోట సంతకం పెట్టేసి ఉంటారు. ఫిబ్రవరిలో ఒక్క ఫోన్ చేస్తే ఆయన సొమ్మేం పోయింది?

లెక్కల పిచ్చి:
1998లో ఆయన ఆట తగ్గిందని అందరూ పెదవి విరిచారు. ఆ 'తగ్గిన' ఏడాదిలో కూడా 1,491 యార్డులు చేశాడు. రికార్డుకు కావలసినదానికంటే ఎక్కువే! ఇంకొక్క ఏడాది అంతే ఆడి ఉంటే చాలు. ఇక 1997లో అయితే 2,053. గ్రీన్ బే క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫావ్‌తో కలిసి ఎంవీపీ, అంటే ఆ ఏటి అత్యుత్తమ ఆటగాడు.

కొత్త ప్రేక్షకుడు:
అంత దగ్గరకొచ్చి వదిలేశాడంటే రికార్డులంటే లెక్కలేదా, లేక జట్టు మీద కోపమా?

లెక్కల పిచ్చి:
మొదటిది ఎప్పటినుంచో ఉన్న గుణమే. 1989లో, మొదటి సీజన్ చివరి మ్యాచ్‌లో లీగ్ రషింగ్ టైటిల్‌కు, అంటే ఆ ఏడాది అందరికంటే ఎక్కువ యార్డులు పరిగెత్తినవాడి టైటిల్‌కు, 10 యార్డుల దూరంలో ఉన్నాడు. మళ్ళీ మైదానంలోకి వెళ్తావా అని కోచ్ అడిగితే అక్కర్లేదన్నాడు. మ్యాచ్ ఎలాగూ గెలిచేశాం కదా అని! 1,480తో క్రిస్టియన్ ఓకోయే టైటిల్ పట్టుకుపోయాడు. టచ్‌డౌన్ చేస్తే గంతులూ డాన్సులూ ఉండవు, బంతి రిఫరీ చేతికిచ్చి వచ్చేసేవాడు.

పాంటియాక్ పాతకాపు:
నోవీ గారూ, 'కాళ్ళు చేతులు బాగానే ఉన్నాయి' అన్నారు చూడండి, నా అభ్యంతరమంతా అక్కడే. ఆయనవి బాగున్నాయి. పక్కవాళ్ళవో?

రన్నింగ్ బ్యాక్‌కు దారి చేసేది ముందున్న లైన్, అందులో ఇద్దరు గార్డులు. 1991 నవంబరులో గార్డ్ మైక్ అట్లీ వెన్నుపూస దెబ్బతిని, మైదానంలోనే కాళ్ళు పడిపోయాయి. స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే బొటనవేలు పైకెత్తి చూపించాడు. 1992 జూన్‌లో రెండో గార్డ్ ఎరిక్ ఆండోల్సెక్, తన ఇంటి ముందు పని చేసుకుంటుంటే ట్రక్కు వచ్చి గుద్ది చనిపోయాడు. ఏడాది తిరక్కుండా ఇద్దరు గార్డులూ జట్టుకు దూరమయ్యారు.

ఇక 1997 డిసెంబరు 21. లయన్స్ అప్పటి సొంత మైదానం సిల్వర్‌డోమ్‌లో న్యూయార్క్ జెట్స్‌తో మ్యాచ్. బ్యారీ 184 యార్డులు చేసి 2,000 దాటింది ఆ రోజే. అదే మ్యాచ్‌లో లయన్స్ లైన్‌బ్యాకర్ (డిఫెన్స్ ఆటగాడు) రెజీ బ్రౌన్ కుప్పకూలాడు. ఊపిరి ఆగిపోతే మైదానంలోనే ఊపిరి పోశారు. రెండు జట్లవాళ్ళూ మోకాళ్ళ మీద కూర్చుండిపోయారు. బ్రౌన్ తర్వాత నడిచాడు గానీ మళ్ళీ ఆడలేదు. జీవితంలో గొప్ప రోజు అనుకున్నదే అలా గడిచిన మనిషి, ఇంకో 1,457 యార్డుల కోసం ఆగాలా? ఆయన దీన్నే కారణంగా చెప్పాడని నేను అనడం లేదు. 2003లో వచ్చిన ఆత్మకథలో చెప్పింది వేరు: జట్టు ఓడీ ఓడీ, పైగా లైన్ మధ్యలో ఆడే సెంటర్ కెవిన్ గ్లోవర్ లాంటి వాళ్ళను వదిలేసుకోవడం చూసి, యాజమాన్యానికి గెలవాలనే లేదని విసిగిపోయానన్నాడు. 1998లో 5 గెలుపులు, 11 ఓటములు. విసుగు రాకేం చేస్తుంది?

చెక్కు సంగతేంటి:
ఇదంతా సెంటిమెంటు. 1997లో కోటీ 10 లక్షల డాలర్ల సైనింగ్ బోనస్ తీసుకున్నది ఆరేళ్ళ కాంట్రాక్టుకి. ఆడింది రెండేళ్ళు. జట్టు మధ్యవర్తి దగ్గరకెళ్తే, ఆడని ఏడాదికి ఆ వాటా తిరిగివ్వమని 2000లో తీర్పు వచ్చింది. ఇంకో మాట, పాతకాపు గారూ: ఆయన ఉండగా జట్టు ఐదుసార్లు ప్లేఆఫ్స్‌కి (సీజన్ చివరి నాకౌట్ మ్యాచ్‌లకి) వెళ్ళి గెలిచింది ఒక్కటి, 1992 జనవరిలో డాలస్ మీద. 1994 సీజన్‌లో గ్రీన్ బే మీద ప్లేఆఫ్ మ్యాచ్‌లో మీ హీరో 13 సార్లు బంతి పట్టుకుని చేసింది మైనస్ 1 యార్డు. తప్పంతా యాజమాన్యానిదేనా?

పాంటియాక్ పాతకాపు:
మైనస్ 1 నిజమే. ఆయన ఆటే అంత: నాలుగుసార్లు వెనక్కి, ఐదోసారి 60 యార్డులు. డాలస్ రన్నింగ్ బ్యాక్ ఎమిట్ స్మిత్ ముందున్నలాంటి లైన్ ఈయనకు ఏనాడైనా దొరికిందా? బోనస్ విషయంలో మాత్రం మీతో పేచీ లేదు. ఆడని ఏడాదికి డబ్బు వెనక్కి ఇవ్వాల్సిందే. కానీ లయన్స్ ఇదే పని తన రిసీవర్ కాల్విన్ జాన్సన్‌తోనూ చేసింది. 2016లో 30 ఏళ్ళకే ఆయన మానేస్తే, బోనస్‌లో కొంత వెనక్కి తీసుకుంది. ఇద్దరు హాల్ ఆఫ్ ఫేమ్ ఆటగాళ్ళు ముందే వెళ్ళిపోయారంటే లోపం ఆటగాళ్ళ దగ్గరే వెతుకుదామా?

నోవీ వాసి:
యాజమాన్యం ఎంత చెత్తదైనా, పక్క లాకర్లోవాడికి చెప్పొచ్చు కదా. నెలన్నర తర్వాత మైదానంలో దిగబోయేది వాళ్ళే. ఆ వార్త పేపర్లో చదువుకోవాలా వాళ్ళు?

లెక్కల పిచ్చి:
అది మర్యాద విషయం, మీతో ఏకీభవిస్తా. 'జూలైలో చెప్పి జట్టును ముంచాడు' అన్న వాదన మాత్రం నిలవదు. ఆయన లేని 1999లో లయన్స్ మొదటి 8 మ్యాచ్‌ల్లో 6 గెలిచారు. చివరి నాలుగూ ఓడి 8-8తో ముగించినా ప్లేఆఫ్స్‌కి వెళ్ళారు. ఆయన ఉన్న ముందటేడు 5-11. తర్వాత 2008లో 0-16 వచ్చినప్పుడు ఏ ఫ్యాక్స్‌ని తిడదాం?

కొత్త ప్రేక్షకుడు:
మరి డెట్రాయిట్ జనం ఇప్పటికీ కోపంగానే ఉన్నారా?

పాంటియాక్ పాతకాపు:
2023 సెప్టెంబరులో లయన్స్ స్టేడియం ఫోర్డ్ ఫీల్డ్ బయట ఆయన విగ్రహం పెట్టారు బాబూ. కోపం ఇంకా మిగిలింది నోవీ గారికే అనుకుంటా.

నోవీ వాసి:
విగ్రహం చూశా, ఫొటో కూడా దిగా. ఆ ఫోన్ కాల్ బాకీ మాత్రం అలాగే ఉంది.