అప్‌డేట్: కుక్క చచ్చిపోని పుస్తకం దొరికింది

కిందటి నెల అడిగాను కదా, మా కుక్క పోయాక పాప అన్నం సరిగ్గా తినడం లేదు, కుక్క చచ్చిపోని పిల్లల నవల చెప్పండని. మీరు చెప్పినవాటిలో కేట్ డికామిల్లో 2000లో రాసిన 'బికాజ్ ఆఫ్ విన్-డిక్సీ' తెప్పించాను. మాది పర్లాకిమిడి. బళ్ళో ఒడియా, ఇంట్లో తెలుగు. అందుకని రోజూ రాత్రి నేనే తెలుగులో చెబుతూ చదివాను. పదేళ్ళ ఓపల్‌కి సూపర్‌మార్కెట్లో దొరికిన ఆ కుక్కకి ఉరుమంటే హడల్. గాలివానలో అది తప్పిపోయే చోట పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "అమ్మా, దొరుకుతుందో లేదో ముందే చెప్పెయ్" అంది. దొరుకుతుందని చెప్పేశాను. మాదీ అంతే, ఉరిమితే బియ్యం డబ్బా వెనక దూరేది. నిన్న అక్కడ దాని వెంట్రుకలు కనబడితే పాప ఏడవలేదు, తీసి పుస్తకంలో దాచుకుంది. ఆ పేరు చెప్పినవాళ్ళకి దండాలు.