ఏడో సైకిల్ వచ్చింది, ఇంట్లో చోటు లేదు

నార్సింగి సవారీ: నిన్న కొత్త రేసింగ్ సైకిల్ ఇంటికి వచ్చింది. కార్బన్ ఫ్రేమ్, డిస్క్ బ్రేకులు, 28 మి.మీ. ట్యూబ్‌లెస్ టైర్లు, బరువు 7.9 కిలోలు. దీంతో ఏడు. నాన్నగారి అట్లాస్ తప్ప ఏదైనా అమ్ముతాను. కార్బన్ ఫ్రేమ్‌ను గోడకు కొక్కెంతో వేలాడదీయవచ్చా? పాత అల్యూమినియం రేసర్ ఉంచుకోనా, అమ్మేయనా?

భీమిలి రోడ్డు: అమ్మకండి. నా స్టీల్ సైకిల్ అమ్మి ఇప్పటికీ బాధపడుతున్నాను. మొదటి 200 కిలోమీటర్ల బ్రెవే (గడువులోపు పూర్తి చేయాల్సిన దూర సవారీ) దాని మీదే పూర్తి చేశాను. పదమూడున్నర గంటల గడువుకు పదకొండు నిమిషాల ముందు చేరాను. కొన్నవాళ్లు తీసుకెళ్తుంటే వీధి మలుపు దాకా చూస్తూ నిలబడిపోయాను.

రిమ్ బ్రేకు: 28 టైర్లు వేసి దాన్ని రేసింగ్ సైకిల్ అంటారా? పదిహేనేళ్లుగా 23 మీదే తొక్కుతున్నాను, 110 పీఎస్ఐ గాలితో. టైరు రాయిలా ఉంటేనే వేగం.

అనంతగిరి ఘాట్: పదిహేనేళ్లు శ్రమ వృథా చేశారు. స్పోకులు అల్లి చక్రాలు కట్టడం నా వృత్తి, తెలిసే చెబుతున్నాను. గరుకు రోడ్డు మీద గట్టి టైరు ప్రతి రాయికీ పైకి ఎగురుతుంది. అలా ఎగరడానికి ఖర్చయ్యే శక్తి మీ కాళ్లదే. వెడల్పు టైరులో 65-70 పెట్టి వికారాబాద్ దాకా వెళ్లి రండి, నడుము చెబుతుంది.

రిమ్ బ్రేకు: వృత్తి మీది కావచ్చు, కాళ్లు నావి. నా సమయాలు రాసి పెట్టుకున్నాను. నాకు పాఠాలు అక్కర్లేదు.

మెదక్ గాలి: రేసుల్లో కనీస బరువు 6.8 కిలోలు. 7.9 అంటే ఇంకా తగ్గించవచ్చు.

కొల్లూరు ఉదయం: బరువు వదిలేయండి, తొక్కే చోటేది? ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల పైకప్పున్న సైకిల్ ట్రాక్ 23 కిలోమీటర్లు ఉంది. 2023లో తెరిచినప్పుడు ఎంత సంబరపడ్డాను! ఇప్పుడు పొద్దున ఏడు దాటితే నడిచేవాళ్లే. గంట కొడితే కోప్పడతారు.

భీమిలి రోడ్డు: నడిచేవాళ్లను అనకండి, పిల్లలూ వస్తారు. ఐదింటికే వెళ్లండి.

అనంతగిరి ఘాట్: నార్సింగి గారూ, ఒక్క మాట. సీటు గొట్టం బోల్టును టార్క్ రెంచ్‌తోనే (ఎంత బిగించామో అంకెలో చూపే పానా) బిగించండి, దాని మీద రాసిన అంకె దాటవద్దు. నా దగ్గరికి వచ్చిన ఒక ఫ్రేమ్‌కు క్లాంపు కింద వెంట్రుకంత గీత ఉంది. గోరుతో తడిమితే తగిలింది. దుకాణంలో చేతి అంచనాతో బిగించారట. ఫ్రేమ్ పోయింది.

రిమ్ బ్రేకు: ఇది మాత్రం నిజం.

నార్సింగి సవారీ: ఇవాళ టైర్లలో 68 పీఎస్ఐ పెట్టి కొల్లూరు దాకా వెళ్లాను. రోడ్డు అతుకుల మీద చేతులు అదరలేదు. అల్యూమినియం రేసర్ అమ్మడం లేదు, మా తమ్ముడు అడిగాడు. అట్లాస్‌కు రాడ్ బ్రేకు రబ్బరు కట్టెలు అరిగిపోయాయి, ఎక్కడ దొరుకుతాయి?

మెదక్ గాలి: కోఠి వైపు పాత దుకాణాల్లో అడగండి. పాత కట్టె చేతిలో పట్టుకెళ్లండి, కొలత కలవాలి.

నార్సింగి సవారీ: సరే. కొక్కెం సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.