టర్బో కారుకు 2.5 బార్ బూస్ట్ సెన్సర్ చాలదా? 3 బార్‌ది వేయాలా?

హైదరాబాద్ టర్బో:
నాది 1.8 లీటర్ల టర్బో పెట్రోల్ కారు. ట్యూనింగ్ తర్వాత బూస్ట్, అంటే టర్బో అదనంగా తోసే గాలి పీడనం, 1.4 బార్‌కు చేరింది. కారుతో వచ్చిన సెన్సర్ 2.5 బార్‌ది. ట్యూనర్ 3 బార్‌ది వేయించుకోమంటున్నారు. 1.4 కొలవడానికి 2.5 చాలదా?

పాత పిస్టన్:
చాలుతుంది, కానీ మీ లెక్క సరికాదు. ఆ సెన్సర్ శూన్యం నుంచి మొత్తం పీడనాన్ని కొలుస్తుంది. హైదరాబాద్‌లో గాలి పీడనమే సుమారు 0.95 బార్. 1.4 కలిపితే 2.35. ఇంకా 0.15 మిగిలింది, మార్చకండి. సెన్సర్ మార్చినంత మాత్రాన ఇంజను శక్తి పెరగదు. పైగా పరిధి పెరిగిన కొద్దీ కొలతలో సూక్ష్మత తగ్గుతుంది.

విశాఖ తీరం:
శక్తి పెరగదన్నది నిజమే. సూక్ష్మత మాట ఒప్పుకోను. ఇంజనును నడిపే కంప్యూటర్ (ఈసీయూ) సెన్సర్ రీడింగ్‌ను 10 బిట్లలో చదివితే 1,024 మెట్లు. 2.5 బార్‌కు ఒక్కో మెట్టు 0.0024 బార్, 3 బార్‌కు 0.0029. ఆ తేడా ఏ ఇంజనుకూ లెక్కలోది కాదు. అసలు ప్రమాదం పై అంచున ఉంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కగానే టర్బో లక్ష్యాన్ని దాటి క్షణంపాటు 1.6కు ఎగిరిందనుకోండి, మొత్తం 2.55. సెన్సర్ 2.5 దగ్గరే ఆగిపోతుంది. దాన్ని బట్టే ఇంధనం లెక్కించే ఈసీయూ అయితే గాలికి తగిన పెట్రోలు పోయదు. ఇంధనం అదుపు తప్పి పేలే నాకింగ్‌కు ఆ క్షణం చాలు. పైగా మా విశాఖలో గాలి పీడనమే 1.01.

పాత పిస్టన్:
ఈసీయూ మొత్తం పీడనాన్నే లక్ష్యంగా పెట్టుకుంటే ఊరు మారినా 2.35 దాటదు. క్షణంపాటు ఎగిరే మాట మాత్రం ఒప్పుకుంటాను. నా భయం వేరే ఉంది. సెన్సర్ మార్చి, ఈసీయూలో దాని కొలత (ఎన్ని వోల్టులకు ఎంత పీడనమన్న లెక్క) మార్చనివాళ్లను చూశాను. 0 నుంచి 5 వోల్టుల సరళరేఖ అనుకుందాం. నిజంగా 2 బార్ ఉంటే 3 బార్ సెన్సర్ 3.33 వోల్టులు ఇస్తుంది. పాత లెక్కలో అది 1.67 బార్. బూస్ట్ తక్కువైందనుకుని ఈసీయూ టర్బోను ఇంకా తోస్తుంది, పెట్రోలేమో తగ్గిస్తుంది. పిస్టన్లు కరిగేది ఇలాగే.

హైదరాబాద్ టర్బో:
నిన్న రాత్రి కారు నడుపుతూ సెన్సర్ రీడింగుల లాగ్ తీశాను. 3,000 ఆర్‌పీఎం దాటాక పీడనం గీత 2.5 దగ్గర బల్లపరుపుగా సాగింది. సెన్సర్ మారుస్తున్నాను. కొత్త కొలత కూడా అదే రోజు ఎక్కించమన్నాను. అంతవరకు బూస్ట్ 1.2కు తగ్గించి నడుపుతాను.

విశాఖ తీరం:
మంచి నిర్ణయం. సెన్సర్ వేశాక ఇంజను స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి రీడింగ్ చూడండి. మీ ఊళ్లో 0.95 దగ్గర ఉండాలి. 0.8 చూపితే పాత కొలత ఇంకా మారలేదని అర్థం, స్టార్ట్ చేయకండి.